ఈడీటీఏ దగ్గర బోల్తా పడ్డాను

నిన్న పరీక్ష రిజల్ట్ వచ్చింది, క్వాలిఫై అయ్యాను. రెండో అటెంప్ట్. అందరూ నోట్స్ అడుగుతున్నారు. దానికంటే మొదటిసారి ఎక్కడ బోల్తా పడ్డానో చెప్తే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న ఇదీ: మట్టిలోంచి తీసిన బాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్కిమ్ మిల్క్ అగార్ (పాలు కలిపిన జెల్లీ) మీద కాలనీ చుట్టూ తేట వలయం ఇచ్చింది. దాని ప్రోటియేజ్ (ప్రోటీన్లని కోసే ఎంజైమ్) పీహెచ్ 10 దగ్గర బాగా పనిచేస్తుంది. పీఎంఎస్ఎఫ్ అనే ఇన్హిబిటర్‌తో (ఎంజైమ్‌ని ఆపే రసాయనం) పూర్తిగా ఆగిపోతుంది, ఈడీటీఏ (లోహ అయాన్లని పట్టి లాగేసే రసాయనం) కలిపి వేడిచేసినా యాక్టివిటీ పడిపోతుంది. ఏ తరగతి? ఈడీటీఏ కనపడగానే నా చెయ్యి మెటలోప్రోటియేజ్ (కోతకి లోహం కావాల్సిన రకం) మీదికి వెళ్ళిపోయింది. నెగటివ్ మార్కు. ఇన్హిబిటర్ల టేబుల్ అంత బాగా బట్టీ పట్టాను మరి.

తర్వాత ల్యాబ్‌లో సబ్టిలిసిన్‌తో (ఇదీ బాసిల్లస్ ప్రోటియేజే) చేసి చూశాను. కేసీన్ (పాల ప్రోటీన్), కాసేపయ్యాక కోత ఆపడానికి టీసీఏ అనే ఆమ్లం, వడకట్టి, కోసిన ముక్కలతో నీలం రంగిచ్చే ఫోలిన్ రియేజెంట్, 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్. పీఎంఎస్ఎఫ్ ట్యూబు బ్లాంకులాగే వెలవెలబోయింది. ఈడీటీఏ కలిపి వేడిచెయ్యకుండా వెంటనే కొలిచిన ట్యూబు మాత్రం కంట్రోల్ పక్కన పెడితే అదే నీలం! వేడిచేసిన దాంట్లోనే రంగు తగ్గింది.

అప్పుడు వెలిగింది, జవాబు సెరీన్ ప్రోటియేజ్ అని. కోత కోసేది మూడు అమైనో ఆమ్లాల ట్రయాడ్: ఆస్పార్టేట్ 32, హిస్టిడిన్ 64, సెరీన్ 221 (అంకెలు గొలుసులో వాటి స్థానాలు). పీఎంఎస్ఎఫ్ ఆ సెరీన్‌కే అతుక్కుంటుంది. కాల్షియం కోతలో పాల్గొనదు, మడతని బిగించి ఉంచుతుంది అంతే. ఈడీటీఏ దాన్ని లాగేస్తే మడత వదులై, వేడికి చెదిరిపోతుంది, ఎంజైమ్ తనని తానే కోసుకుంటుంది. థర్మోలైసిన్ అనే మెటలోప్రోటియేజ్‌లో అలా కాదు, అక్కడ జింక్ యాక్టివ్ సైట్‌లోనే (కోత జరిగే చోటే) ఉంటుంది.

బట్టీ తప్పని అనను. టైం లేనివాళ్ళకి టేబులే దిక్కు, నేనూ అప్పుడు ప్రాజెక్టు రాస్తూ చదివాను. కోచింగ్ లేకే పోయిందన్నవాళ్ళు ఆ సంగతి చూడలేదు.

ఎన్ని గంటలు చదివావంటే, ఆరు. పొద్దున్నే, ఒకటే కుర్చీ, ఫోన్ వేరే గదిలో. పది గంటలు అనేవాళ్ళ లెక్కలో నాలుగు రీల్సే. నేనూ ఒకప్పుడు ఆ బ్యాచే. మిగతా యూనిట్లు పాత పేపర్లతో లాగించేశాను.

ఈసారి సబ్టిలిసిన్, కైమోట్రిప్సిన్ (మరో సెరీన్ ప్రోటియేజ్) మడతలు వేరైనా ట్రయాడ్ ఒకటే ఎందుకని అడిగారు. కన్వర్జెంట్ ఎవల్యూషన్ (వేర్వేరు దారుల్లో పరిణామం చెంది ఒకే పద్ధతికి చేరడం), అర నిమిషం పని. ఈడీటీఏ ప్రశ్న మాత్రం రానే లేదు.