ఒక పీక్ కోసం పదిహేను రోజులు

రిడ్‌బర్గ్ పరమాణువులతో, అంటే ఎలక్ట్రాన్ చాలా పై స్థాయికి లేచిన పరమాణువులతో, మైక్రోవేవ్ క్షేత్రాన్ని కొలవడం నా పరిశోధనలో మొదటి మెట్టు. 2012లో వెలువడిన ఒక పత్రం ఈ పద్ధతిని చూపింది. చదివినప్పుడు నాలుగు రోజుల పని అనిపించింది.

సరంజామా కూడా పెద్దదేమీ కాదు. అరచేతిలో ఇమిడే గాజు గొట్టంలో రుబీడియం ఆవిరి, రెండు లేజర్లు. 780 నానోమీటర్ల ఎరుపు కాంతిని ఆవిరి పీల్చుకుంటుంది. ఎదురుగా వచ్చే 480 నానోమీటర్ల నీలి కాంతి ఎలక్ట్రాన్‌ను 53వ స్థాయి దాకా లేపుతుంది. అప్పుడు పరమాణువు మామూలు హైడ్రోజన్ కంటే 2,000 రెట్లకు పైగా ఉబ్బుతుంది. నీలి లేజరు సరిగ్గా కుదిరిన చోట ఆవిరి ఎరుపు కాంతికి దారి వదులుతుంది, సంకేతాన్ని గీతగా చూపే ఓసిలోస్కోప్ మీద సన్నని పీక్ లేస్తుంది.

లేవలేదు.

రెండు కిరణాలు గొట్టం పొడవునా ఒకదానిమీద ఒకటి పడాలి. ఎరుపు కంటికి లీలగానే ఆనుతుంది. కార్డు మీద చుక్కను చూసుకుంటూ అద్దాల మరలు తిప్పుతూ వారం గడిపాను. గొట్టాన్ని వేడిచేశాను. నీలి కాంతి తీవ్రత పెంచాను. ఒక అర్ధరాత్రి పీక్ వచ్చిందని సీనియర్ అక్కకు ఫోను కూడా చేశాను. తీరా చూస్తే ఏసీ అదురుకు అద్దం వణుకుతోంది.

పదిహేనో రోజు అక్క వచ్చింది. అద్దాల వంక చూడనే లేదు. లేజరు తరంగదైర్ఘ్యాన్ని కొలిచే వేవ్‌మీటర్ ముందు కూర్చుని, "ఇది చూపేది గాలిలో విలువా, శూన్యంలో విలువా?" అని అడిగింది.

గాలిలో విలువ. నేను లెక్కగట్టుకున్నది శూన్యానిది. తేడా 0.13 నానోమీటర్లే, కానీ నీలి కాంతి దగ్గర అది పౌనఃపున్యంలో సుమారు 175 గిగాహెర్ట్జ్. నేను వెతుకుతున్న పీక్ వెడల్పేమో కొన్ని మెగాహెర్ట్జ్. వేరే ఊళ్లో మా వీధి కోసం తిరిగినట్టయింది నా పని. ఎరుపు లేజరును రుబీడియం పీల్చుకునే తరంగదైర్ఘ్యానికే కట్టేశాను కాబట్టి దానికి ఈ తిప్పలు లేవు.

సెట్టింగు మార్చిన పది నిమిషాలకు పీక్ దొరికింది.

మర్నాడు హార్న్ యాంటెన్నాతో 14.23 గిగాహెర్ట్జ్ తరంగాన్ని గొట్టం మీదికి వదిలాను. పీక్ రెండుగా చీలింది. ఆ రెండింటి ఎడం, ప్లాంక్ స్థిరాంకం, సిద్ధాంతంతో లెక్కగట్టగల ద్విధ్రువ భ్రామకం (పరమాణువు క్షేత్రానికి ఎంత గట్టిగా స్పందిస్తుందో చెప్పే విలువ): క్షేత్రం విలువ తేలడానికి ఇవి చాలు. ముందే మరో పరికరంతో సరిచూసుకున్న కొలబద్ద అక్కర్లేదు. ఈ పద్ధతి మీద ఇంత ఆసక్తి అందుకే. మైక్రోవేవ్ శక్తిని నాలుగింతలు చేస్తే ఎడం రెండింతలైంది. మళ్లీ మూడుసార్లు చేశాను, అనుమానంతో కాదు, చూడముచ్చటగా ఉండి.