నోరు తెరిచి అడగలేని మనిషిని ఎలా చూస్తున్నారు?

మా పెద్దమ్మ కోసం ఈమధ్య హైదరాబాద్‌లో వృద్ధాశ్రమాలు తిరుగుతున్నాను. ఆవిడకి ఎనభై దాటాయి, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటినుంచి లేచి నడవట్లేదు, దానికి తోడు మతిమరుపు, పొద్దున ఏం తిన్నావమ్మా అంటే మధ్యాహ్నానికి చెప్పలేదు. పిల్లలిద్దరూ అమెరికాలో, ఇక్కడ దగ్గరున్నది నేనే. కొన్నాళ్లు ఇంట్లోనే పగలు ఒకామెని రాత్రి ఒకామెని పెట్టి చూసుకున్నాం గానీ ఎవరో ఒకరు ఊరెళ్లిపోవడం, కొత్త మనిషి దొరికేదాకా అవస్థ, ఇక కుదరలేదు. కాప్రా, ఈసీఐఎల్ వైపు, నాగోల్, హయత్‌నగర్, ఇటు మొయినాబాద్ రోడ్డు, ఎవరు ఎక్కడ బాగుందంటే అక్కడికి వెళ్లి చూశాను.

తమ్ముళ్లు వాట్సాప్‌లో అడిగేది ఏసీ ఉందా, అటాచ్డ్ బాత్రూమా, చుట్టూ చెట్లున్నాయా, ఫొటోలు పెట్టక్కా అని. అంత దూరంనుంచి వాళ్లకి కనపడేవి అవే, పాపం. డొనబెడియన్ అని ఒక డాక్టర్ 1966లోనే రాశారు, వైద్యం ఎంత బాగుందో తెలియాలంటే మూడు చూడాలని: అక్కడ ఏమేం ఉన్నాయి, వాళ్లు ఏం చేస్తున్నారు, చేసినదానివల్ల మనిషికి ఏమైంది. హోముల వాళ్లు చూపించేదంతా మొదటిదే. మంచాలు, టీవీ, సీసీ కెమెరాలు, గుడి, లిఫ్ట్. మిగతా రెండూ మనమే చూసుకోవాలి, అవి కూడా ముందు హాల్లో పేపర్ చదువుకుంటూ కూర్చున్న పెద్దవాళ్లని చూస్తే తెలియవు, వాళ్లకి కావాల్సింది వాళ్లు గట్టిగా అడిగి తెచ్చుకోగలరు. ఆ హోములో అందరికంటే ఎక్కువ మంచాన పడ్డవాళ్లు ఎవరో, దాహం వేస్తోందని చెప్పలేనివాళ్లు ఎవరో, వాళ్ల గది ఒకసారి చూపించమనండి. ఎందుకంటే రేపు మన మనిషి చేరేది ఆ గదికే. చూపించడానికి ఇష్టపడకపోతే నాకైతే అక్కడితో అయిపోయింది.

లోపలికెళ్లాక ఏం చూడాలంటే, ముందు మడమలు. వాళ్లనో వాళ్ల ఇంటివాళ్లనో అడిగి, సరే అంటేనే లెండి. బెడ్ సోర్స్, అంటే కదలకుండా పడుకుని ఉంటే పడే పుళ్లు, ఎక్కువగా వచ్చేది మడమల దగ్గర, నడుం కింద తోక ఎముక దగ్గర, తుంటి పక్కన, ఎక్కడ ఎముక పరుపుకి ఒత్తుకుంటుందో అక్కడ. తోలు చిట్లక ముందే ఎర్రబడుతుంది, వేలితో నొక్కితే మామూలు చర్మం తెల్లబడి మళ్లీ రంగు వస్తుంది, ఇది నొక్కినా ఎర్రగానే ఉంటుంది, అంటే మొదలైందన్నమాట. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు కాబట్టి చేత్తో తాకి చూడాలి, పక్కన చర్మం కంటే వెచ్చగానో గట్టిగానో ఉంటే అనుమానించాల్సిందే. ఎయిర్ బెడ్ వేశాం మేడమ్ అంటారు. ఎయిర్ బెడ్ మంచిదే కానీ అది ఉందని మనిషిని తిప్పడం మానేయడానికి లేదు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం ఎప్పటినుంచో ఉన్న లెక్క. ఎవరు ఎప్పుడు తిప్పారో రాసే కాగితం ఉందా అని అడగండి. ఒకచోట తెచ్చి చూపించారు, రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు, అన్నీ ఒకే చేతిరాత, ఒకే ఇంకు, వారం మొత్తం అలాగే. ఒకే మనిషి వారమంతా రాత్రిళ్లు మేలుకుని ఉండదు కదా.

రెండోది నీళ్లు. వయసైపోయినవాళ్లకి దాహం తెలియడమే తగ్గిపోతుంది, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని తాగించాలి. ఒక హోములో, పేరు వద్దులెండి, కింది గదిలో ఆరు మంచాలు, కిటికీ గట్టు మీద ఆరు నీళ్ల బాటిళ్లు వరసగా, మూతల సీళ్లు కూడా తీయలేదు, ఏ మంచం మీదనుంచి చెయ్యి చాపినా అందవు. ఒక ముసలావిడ పెదాలు పగిలి నాలుక తోలులా ఎండిపోయి ఉంది. అక్కడున్న ఆయాని అడిగితే ఆ పిల్ల నిజమే చెప్పింది, నీళ్లు తాగిస్తే డైపర్లు ఎక్కువ మార్చాలె మేడమ్, పదహారు మందికి నేనొక్కదాన్నే అని. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమెతో పాటు ఇంకొకరిని పెట్టనివాళ్ల మీద వచ్చింది.

అందుకే మేనేజర్‌ని అడగాల్సిన ప్రశ్న ఎంతమంది స్టాఫ్ ఉన్నారు అని కాదు. వంటమనిషి, వాచ్‌మన్, డ్రైవర్, వారానికోసారి వచ్చే డాక్టర్ అందరినీ కలిపి పెద్ద లెక్క చెప్తారు. రాత్రి రెండింటికి ఈ ఫ్లోర్‌లో మెలకువగా ఎంతమంది ఉంటారు, లేవలేనివాళ్లు ఎంతమంది అని అడగండి. ఆయాలనే విడిగా అడగండి, నువ్వొచ్చి ఎన్నాళ్లయిందమ్మా, జీతం టైముకి ఇస్తున్నారా, రాత్రి డ్యూటీ చేసి మళ్లీ పగలు కూడా చేయిస్తున్నారా. అందరూ మొన్న మొన్న చేరినవాళ్లే అయితే పెద్దావిడకి ఏ పక్క నొప్పో, ఏం పెడితే తింటుందో తెలిసినవాళ్లు అక్కడ ఒక్కరూ లేరన్నట్టే.

భోజనం టైముకి చెప్పకుండా వెళ్లండి. మెనూ ఏంటని కాదు, తినిపించడం చూడటానికి. పడుకోబెట్టి నోట్లో పెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు, నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కూడా అరగంట అలాగే ఉంచాలి. ఒకచోట ఒక ఆయా స్టూల్ వేసుకుని ఆ ముసలాయన మొహానికి ఎదురుగా కూర్చుంది, పెరుగన్నం మెత్తగా పిసికి ఒక చెంచా పెట్టి, తాతా మింగినవా, ఏదీ నోరు తెరువ్ అని చూసి, మింగాకే ఇంకో చెంచా. ఆయన గడ్డం మీద పడింది తన కొంగుతో కాదు, తడిగుడ్డతో తుడిచింది. అన్నం అయ్యేసరికి అరగంట పైనే పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. ఆ హోము గోడలకి పెచ్చులూడాయి, లిఫ్ట్ లేదు. నా మనసు మాత్రం అక్కడే ఆగింది.

తిండి సరిగా అందుతోందా అన్నది బరువే చెప్తుంది. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే కారణం వెతకాలి, యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే వయసు కదా అని వదిలేయకూడదు. నిలబడలేనివాళ్లకి బరువు చూడటం కష్టం అంటారు, అలాంటప్పుడు దండచెయ్యి చుట్టుకొలత టేపుతో కొలవచ్చు. చేరినప్పుడు సరిపోయిన గాజులు మోచేతిదాకా జారుతున్నా అర్థం చేసుకోవచ్చు.

ఇంకొకటి, మధ్యాహ్నం మూడింటికి వెళ్తే అందరూ గాఢంగా నిద్రపోతున్నారనుకోండి, మందుల చీటీలు అడగండి. మతిమరుపు ఉన్నవాళ్లు రాత్రి అరుస్తున్నారని, లేచి తిరుగుతున్నారని క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి మానసిక జబ్బుల మందులు రాయించేస్తుంటారు. డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉన్న పెద్దవాళ్లలో ఈ మందులవల్ల చనిపోయే ప్రమాదం పెరుగుతోందని అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక ఇచ్చింది. ఎప్పుడూ వాడకూడదని కాదు, ఎవరు రాశారు, ఎందుకు, ఎన్నాళ్లకి, మళ్లీ ఎప్పుడు చూస్తారు, దీనికి జవాబు ఉండాలి. మణికట్ల మీద గుడ్డతో కట్టిన గుర్తులుంటే కూడా అడగండి. పడిపోతారని కట్టాం అంటారు, దానికి మంచం ఎత్తు తగ్గించొచ్చు, బాత్రూమ్‌లో పట్టుకోడానికి రాడ్లు పెట్టొచ్చు, రాత్రి చిన్న లైటు వేయొచ్చు, కట్టడం తప్ప వేరే దారి ఆలోచించారా అన్నదే నాకు ముఖ్యం.

ఇదంతా మనం ఎందుకు చూడాలి, ప్రభుత్వం చూడదా అని మా పెద్ద తమ్ముడు అడిగాడు. ఇంగ్లండ్‌లో కేర్ హోములని తనిఖీ చేసి రేటింగ్ ఇస్తారు, దాన్ని హోములోనే కనపడేలా పెట్టాలి. అమెరికాలో నర్సింగ్ హోములకి 2008 నుంచి స్టార్లు ఇస్తున్నారు. మనకి 2007 చట్టం ఉంది, తల్లిదండ్రుల పోషణ, సీనియర్ సిటిజన్ల సంక్షేమం కోసం తెచ్చింది, పిల్లలు పట్టించుకోకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, దిక్కులేని పెద్దవాళ్ల కోసం జిల్లాకి ఒకటైనా 150 మందికి సరిపడా ఆశ్రమం పెట్టొచ్చని రాష్ట్రాలకి చెప్పింది. పెట్టొచ్చు అంది, పెట్టి తీరాలి అనలేదు. ప్రైవేటు హోముల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఇవన్నీ 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఉన్నాయి, అది చట్టం కాలేదు. డబ్బులు తీసుకుని మంచాన పడ్డవాళ్లని చూసుకునే చోటుకి స్టార్ హోటల్‌కి ఇచ్చినట్టు ఒక రేటింగ్ అయినా ఉండాలి కదా. ఎక్కడైనా పెద్దవాళ్లని హింసిస్తున్నారనిపిస్తే 14567 ఎల్డర్‌లైన్ ఉంది, పొద్దున ఎనిమిదినుంచి రాత్రి ఎనిమిదిదాకా, ఫ్రీ.

పెద్దమ్మ వచ్చే వారం ఆ పెచ్చులూడిన గోడల హోములోనే చేరుతోంది. నెలకోసారి బరువు గ్రూపులో పెట్టాలి, దెబ్బ తగలకపోయినా పడితే అదేరోజు చెప్పాలి, మాకు ఫోన్ చేయకుండా కొత్త మందు మొదలుపెట్టకూడదు, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాం. ఏ టైములో అయినా వచ్చి చూస్తాం అంటే మాత్రం ఓనర్ గారు రాత్రి తొమ్మిది దాటాక మిగతావాళ్ల నిద్ర పాడవుతుందన్నారు, అదీ నిజమే, నైట్ డ్యూటీ ఆయా నంబర్ ఇవ్వమని అడిగితే ఇచ్చారు. ఇప్పుడు పెద్దమ్మ మంచం పక్కన అతికించడానికి ఒక కాగితం రాస్తున్నాను. కుడి చెవి వినపడదు, ఎడమవైపునుంచి పిలవండి. ఇడ్లీ చల్లారితే ముట్టదు. నొప్పి ఉంటే చెప్పదు, దుప్పటి అంచు పట్టుకుని నలుపుతుంది, అప్పుడు తుంటి దగ్గర చూడండి.