పన్నెండు మేడలు, ఒక ఇంకుడు బావి

2024 మార్చిలో బెంగళూరు నీళ్లకు కటకటలాడినప్పుడు ప్రభుత్వం 12 వేల లీటర్ల ట్యాంకర్‌కు, ఐదు కిలోమీటర్ల లోపయితే, 1000 రూపాయలని ధర కట్టింది. ఆ ధరకు మా వీధికి ఒక్క ట్యాంకరూ రాలేదు. కె.ఆర్.పురం దాటాక ఉండే మా లేఅవుట్‌కి అప్పటికి కావేరి నీళ్ల కుళాయి కనెక్షన్ లేదు. పన్నెండిళ్లూ కలిసి వేయించుకున్న బోరే దిక్కు. అది గాలి కొట్టడం మొదలెట్టాక, ఇంకో వెయ్యి అడుగుల బోరు వేద్దామన్నారు అందరూ. నేను మేడల మీది వాన నీళ్లను నేలలోకి దింపే ఇంకుడు బావి అన్నాను.

మాది అనంతపురం జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు. 2000లో నీరు-మీరు అనే ప్రభుత్వ నీటి సంరక్షణ కార్యక్రమం వచ్చినప్పుడు ఊరంతా కలిసి గుట్ట వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, గట్ల మీద కానుగ మొక్కలు నాటడం చూసినవాణ్ణి. బెంగళూరులో సగటున 970 దాకా పడుతుంది. అంటే 1200 చదరపు అడుగుల మేడ మీద ఏడాదికి లక్ష లీటర్ల పైచిలుకు. అదంతా మోరీ పాలు చేసి ట్యాంకర్‌వాడికి ఫోన్లు కొట్టడమేంటి?

ఎదురింటి నెల్లూరు మాస్టారు అడ్డం తిరిగారు. "మనం డబ్బులు పోసి నీళ్లు దింపితే పక్క వీధి బోరుకు పోవని ఏంటయ్యా గ్యారంటీ?"

"కొన్ని పోతాయి మాస్టారూ. వాళ్ల నీళ్లు మనకు రాలేదని మాత్రం ఎవరు చెప్పొచ్చారు?"

ఆయన దానికీ మెత్తబడలేదు. చివరికి ఆయన్ని ఒప్పించింది భూగర్భ జలాల లెక్క కాదు, గట్టి వాన పడ్డప్పుడల్లా ఆయన గేటు ముందు నిలిచే మురికి మడుగు. మేడల నీళ్లు రోడ్డెక్కకపోతే అది సగమైనా తగ్గుతుందనగానే ముందు వాటా ఆయనే ఇచ్చారు.

తవ్వడానికి మణ్ణు వడ్డర్లను పిలిచాం. తరతరాలుగా బావులు తవ్వే కులం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పెద్దాయన రాగానే నీళ్ల సంగతి ఎత్తలేదు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందని అడిగాడు. దానికి బాగా ఎడంగా జరిగి ముగ్గుపిండితో గిరి గీశాడు. లోపల ఒకడు పొట్టి గడ్డపారతో తవ్వుతుంటే పైన ఇద్దరు తట్టలు లాగారు. ముందు ఇల్లు కట్టినప్పటి రాళ్లూ రప్పలూ, తర్వాత ఎర్రమట్టి, ఆ కింద మొరం. పెద్దాయన ఆ మొరం గుప్పెట్లో నలిపి వేళ్ల సందుల్లోంచి జారవిడిచి, "ఇది నీళ్లు తాగుతాది సారూ" అన్నాడు. 20 అడుగులకు ఆపి సిమెంటు వరలు దించారు. అడుగున కాంక్రీటు వేయరు, వరల మధ్య సిమెంటు పూయరు. వరలకూ మట్టికీ మధ్య సందులో కంకర పోస్తారు. పక్కనే కానుగ మొక్క పెడదామంటే, వేళ్లు వరల్ని నెట్టేస్తాయని రోడ్డవతలికి పంపాడు.

అసలు తలనొప్పి పైపులతో. ఒకరింట్లో వాషింగ్ మెషీన్ గొట్టం మేడ మీది వాన నీళ్ల పైపులోకే కలిపి ఉంది. సబ్బు నీళ్లు బావిలో పడితే అవి చేరేది మనం తాగే బోరుకే. ఆ గొట్టం విడదీయించడానికి పట్టినంత టైమ్ బావి తవ్వడానికి పట్టలేదు! బావికి ముందు జాలీ, కంకర, బొగ్గుతో ఒక ఫిల్టర్ తొట్టి కట్టించాం. సీజన్‌లో తొలి వాన నీళ్లు బయటికి వదలడానికి వాల్వు పెట్టాం. దాని బాధ్యత మాస్టారిదే. మేడలు ఊడ్చారా లేదా అని వానాకాలం ముందు ఇంటింటికీ వెళ్లి చూస్తారు, హోంవర్కు చూసినట్టు.

బోరు నిండిపోయిందని చెప్పను. అంత లోతుకు నీళ్లు రాతి పగుళ్ల గుండా దిగడానికి ఏళ్లు పడుతుంది. వానాకాలంలో మాత్రం బావి నిండి, ఒకట్రెండు రోజుల్లో ఇంకిపోతోంది. మాస్టారి గేటు ముందు మడుగు చాలావరకు తగ్గింది.

మొన్న పక్క వీధి వాళ్లు ఖర్చెంతయిందని అడిగారు. ముందు మీ మేడల మీది గొట్టాలు ఎటు పోతున్నాయో చూసుకు రమ్మన్నాను.