మిలేటస్: అంతియోకుడి పేరు వెంట

టర్కీలో గ్రీకు నగరం చూడాలంటే అందరూ ఎఫెసస్‌కే పరిగెడతారు. నేనూ వెళ్ళాను, బాగుంది. కానీ నా మనసంతా మిలేటస్ మీదే. "రాళ్ళు చూడ్డానికి అంత దూరమా? మన దగ్గర లేవా రాళ్ళు?" అంది అప్ప, బరంపురం నుంచి ఫోన్‌లో.

ఉన్నాయి. ఆ రాళ్ళే నన్ను ఇక్కడికి పంపాయి. మన గంజాం జిల్లాలో, పురుషోత్తంపూర్ దగ్గర జౌగడ బండ ఉంది కదా. దాని మీద అశోకుడు, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన రాజ్యాల పేర్లు చెక్కించాడు. చోళులు, పాండ్యులు, ఆ వరసలోనే అంతియోకుడనే యవన (గ్రీకు) రాజు! క్రీ.పూ. 261 నుంచి 246 దాకా ఏలిన రెండో అంతియోకస్ అతనేనని చాలామంది చరిత్రకారుల మాట. తిమార్కస్ అనే నియంత పీడ వదిలించినందుకు మిలేటస్ జనం అతన్ని 'దేవుడు' అన్నారు. తారాతారిణి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించడానికి మనవాళ్ళు బళ్ళు కట్టించుకుని వెళ్తారు, ఆ చుట్టుపక్కలే ఉన్న జౌగడ వైపు మాత్రం తిరగరు. నాకది నిజంగా బాధ.

మిలేటస్‌కి చేల మధ్య నుంచి వెళ్తుంటే ఉన్నట్టుండి థియేటర్ లేచి నిలబడుతుంది. దాదాపు 15,000 మంది పట్టేది. ఒక వరసలో గ్రీకు అక్షరాలు వెతికి పట్టుకున్నాను: యూదులు కూర్చునే చోటు అని. వేలు పెట్టి చూస్తే గాడి ఇంకా తెలుస్తోంది. అందులోంచి చీమలు బారు తీరి పోతున్నాయి.

పైకెక్కి చూస్తే సముద్రం లేదు. ఒకప్పుడు నాలుగు రేవులున్న ఊరిది! మెండెరెస్ నది తెచ్చిపోసిన ఒండ్రుకి తీరం కిలోమీటర్ల అవతలికి పోయింది. పడమట చేలలో కనిపించే గుట్ట పేరు లాదె, అప్పట్లో ద్వీపం. క్రీ.పూ. 494లో దాని దగ్గరే పర్షియన్ నౌకలు గ్రీకుల్ని ఓడించాయి, మిలేటస్ నేలమట్టమైంది. తిరిగి కట్టినప్పుడు వీధులు గళ్ళచీరలా నిలువుగా, అడ్డంగా వేశారు. పట్టణ ప్రణాళికకి పేరుపడ్డ హిప్పొదామస్ ఈ ఊరివాడే.

నది రేవుని మింగడం మన తీరంవాళ్ళకి చెప్పాలా? ఋషికుల్య మొగ ఇసుక మేట వేసి పక్కకి జరిగినప్పుడల్లా పడవలవాళ్ళకి టెన్షనే. పాతకాలపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన పలూరా రేవు చిలికా దక్షిణాన ఉన్న మన పాలూరే అంటారు. ఇప్పుడక్కడికి ఏ ఓడ వస్తుంది?

సింహాల రేవు దగ్గర చిత్తడిలో పాలరాతి సింహాలు ఇంకా ఉన్నాయి. అంగడి మహాద్వారం మాత్రం బెర్లిన్ మ్యూజియంలో ఉంది. ఎంత జాగ్రత్తగా నిలబెట్టినా సరే, అది ఈ నేల మీద ఉండాల్సింది. వెళ్ళేవాళ్ళు ప్రియీనె, దిదిమా శిథిలాలు కూడా కలుపుకోండి, అన్నీ దగ్గరే. థియేటర్ పైదాకా తప్పకుండా ఎక్కండి, లాదె కనిపించేది అక్కణ్ణుంచే.