చదరంగం డేటాబేస్ లాగ్: కొత్త ఇండెక్సుకు ముందు పాతవాటి లెక్క

పాత టోర్నమెంటు ఆటలన్నీ ఒకచోట పెట్టుకోవాలన్న నా పని ఈ వారం ఇంకాస్త ముందుకు జరిగింది. డేటా అంతా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంది. ప్రధానమైన టేబుళ్ళు మూడు: ఆటగాళ్ళు, ఆటలు, ఎత్తులు. ఇంపోర్ట్ అయితే సాఫీగానే అయిపోయింది గానీ, ఒక ఆటగాడు ఆడినవన్నీ చూపించమంటే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) నత్తనడక నడుస్తోంది. కొత్త ఇండెక్సు (పుస్తకం చివరి విషయసూచికలా, కావలసిన వరుసలను త్వరగా వెతికిపెట్టేది) పెట్టేముందు అసలు ఏమేం ఉన్నాయో చూద్దామని కూర్చున్నాను. ఎందుకంటే ఒకే కాలమ్ మీద వేరే పేరుతో రెండో ఇండెక్సు పెట్టినా పోస్ట్‌గ్రెస్ అడ్డు చెప్పదు. రెండూ డిస్కులో చోటు తింటాయి, ప్రతి ఇన్సర్ట్‌కూ రెండింటినీ అప్‌డేట్ చేయాల్సి వస్తుంది.

ఒక్క టేబుల్ సంగతే కావాలంటే పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే కమాండ్ లైన్ టూల్) బ్యాక్‌స్లాష్, డీ కొట్టి పక్కన టేబుల్ పేరు ఇస్తే చాలు. కాలమ్‌ల కింద ఇండెక్సులు, ఫారిన్ కీలు (వేరే టేబుల్‌లోని వరుసను సూచించే కాలమ్‌లు) వరుసగా వచ్చేస్తాయి. బ్యాక్‌స్లాష్ డీఐ ప్లస్ కొడితే ఇండెక్సుల జాబితా సైజులతో సహా వస్తుంది. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది పీజీ_ఇండెక్సెస్ అనే వ్యూ:

సెలెక్ట్ టేబుల్‌నేమ్, ఇండెక్స్‌నేమ్, ఇండెక్స్‌డెఫ్ ఫ్రమ్ పీజీ_ఇండెక్సెస్ వేర్ స్కీమానేమ్ = 'పబ్లిక్' ఆర్డర్ బై టేబుల్‌నేమ్;

ఇందులో చదవాల్సింది ఇండెక్స్‌డెఫ్ కాలమ్. ఆ ఇండెక్సును మళ్ళీ కట్టడానికి కావలసిన క్రియేట్ ఇండెక్స్ వాక్యం మొత్తం అందులోనే ఉంటుంది. యూనీక్ (ఒకే విలువను రెండోసారి రానివ్వనిది) అవునా కాదా, ఏ కాలమ్ ముందు, ఏది తర్వాత, వేర్ షరతు పెట్టి కొన్ని వరుసలకే పరిమితం చేశారా అన్నీ తెలుస్తాయి. ఇండెక్సు పేరును నమ్ముకోవద్దు. పేరు పెట్టినవాళ్ళు ఏదైనా పెట్టొచ్చు, డెఫినిషన్ మాత్రం ఉన్నదే చెబుతుంది.

ఎత్తులు టేబుల్ దగ్గర రెండు కనిపించాయి. ఒకటి ప్రైమరీ కీతో (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్‌లు) పాటు దానంతటదే వచ్చింది: (ఆట_ఐడీ, ఎత్తు_సంఖ్య). రెండోది ఇంపోర్ట్ టూల్ పెట్టింది: ఒట్టి (ఆట_ఐడీ). బీ-ట్రీలో (విలువలను క్రమంలో పెట్టుకునే ఇండెక్సు రకం) కాలమ్‌ల వరుసే ముఖ్యం. ఆట_ఐడీ ముందున్న జంట ఇండెక్సు, ఆట_ఐడీ ఒక్కదానితో వెతికే క్వెరీకి కూడా పనికొస్తుంది. అదే ఎత్తు_సంఖ్య ముందుండి ఉంటే కథ వేరు. ఇక్కడ ఇంకో కోణం కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి బీ-ట్రీలో ఒకే విలువ పదేపదే వస్తే దాన్ని కుదించి దాస్తారు కాబట్టి ఒంటి కాలమ్ ఇండెక్సు చాలా చిన్నగా ఉండొచ్చు. కానీ ఈ టేబుల్‌లోకి వరుసలు ఎడాపెడా వచ్చిపడుతుంటాయి. ఆ రెండోది నాకు బరువే అనిపించి తీసేశాను. క్వెరీ ప్లాన్ (డేటాబేస్ ఎంచుకునే వెతికే దారి) వెంటనే ప్రైమరీ కీ ఇండెక్సుకు మారింది.

అసలు సమస్య ఆటలు టేబుల్‌లో దొరికింది. తెల్ల_ఐడీ, నల్ల_ఐడీ రెండూ ఆటగాళ్ళు టేబుల్‌కు ఫారిన్ కీలు. రెండింటి మీదా ఇండెక్సు లేదు! ఫారిన్ కీ పెట్టినంత మాత్రాన పోస్ట్‌గ్రెస్ ఆ కాలమ్ మీద ఇండెక్సు కట్టదు. ప్రైమరీ కీకి, యూనీక్‌కు అయితే కడుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఇన్నోడీబీ (దాని స్టోరేజ్ ఇంజిన్) అయితే ఫారిన్ కీకి పనికొచ్చే ఇండెక్సు లేకపోతే తనే కట్టుకుంటుంది. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. రెండు కాలమ్‌లకూ విడివిడిగా ఇండెక్సులు కట్టి, అనలైజ్ నడిపి (డేటా గణాంకాలు తాజా చేయడానికి), ఎక్స్‌ప్లెయిన్‌తో క్వెరీ ప్లాన్ చూశాను. సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం) పోయి బిట్‌మ్యాప్ఆర్ వచ్చింది. అంటే తెల్లపావులతో ఆడినవి ఒక ఇండెక్సులో, నల్లపావులతో ఆడినవి ఇంకోదానిలో వెతికి రెండు ఫలితాలనూ కలిపేస్తోంది. ఆ ప్లాన్ చూస్తుంటే ఎంత సంతోషమేసిందో!

కట్టేటప్పుడు కంకరెంట్లీ అనే ఆప్షన్ వాడాను, టేబుల్‌లోకి రాతలు ఆగకుండా. అలా కట్టేది మధ్యలో ఆగిపోతే చెల్లని ఇండెక్సు మిగిలిపోతుంది. పీజీ_ఇండెక్సెస్‌లో అది మామూలు ఇండెక్సులాగే కనిపిస్తుంది. అందుకే పీజీ_ఇండెక్స్ కేటలాగ్‌లో ఇండ్‌ఈజ్‌వ్యాలిడ్ కాలమ్ కూడా చూసుకున్నాను. ఇక ఏది వాడుకలో ఉందో తెలియాలంటే పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్‌లో ఐడీఎక్స్_స్కాన్ లెక్క (ఆ ఇండెక్సును ఎన్నిసార్లు వాడారో) చూడాలి. అక్కడ సున్నా ఉందని యూనీక్ ఇండెక్సును తీసేయకూడదు. ఎవరూ దానితో వెతకకపోయినా డూప్లికేట్‌లను ఆపేది అదే.

ప్రయాణాల్లో చూసుకోవడానికి ఒక ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) కాపీ కూడా ఉంచుకున్నాను. అక్కడ ప్రాగ్మా ఇండెక్స్_లిస్ట్ అనే కమాండ్ టేబుల్‌లోని ఇండెక్సుల పేర్లు ఇస్తుంది, ప్రాగ్మా ఇండెక్స్_ఇన్ఫో ఒక్కోదానిలోని కాలమ్‌లు చూపిస్తుంది. ఎస్‌క్యూలైట్_ఆటోఇండెక్స్ అని మొదలయ్యేవి యూనీక్, ప్రైమరీ కీల కోసం అదే కట్టుకున్నవి. ఇంటీజర్ ప్రైమరీ కీ అయితే ఈ జాబితాలో కనిపించదు, ఎందుకంటే అది రోఐడీకే (ప్రతి వరుసకూ ఉండే అంతర్గత సంఖ్య) ఇంకో పేరు.

వేరే డేటాబేస్‌లు వాడేవాళ్ళ కోసం: మైఎస్‌క్యూఎల్‌లో షో ఇండెక్స్ ఫ్రమ్ అని టేబుల్ పేరు ఇవ్వండి. కాలమ్‌కు ఒక వరుస చొప్పున వస్తుంది, క్రమం సీక్_ఇన్_ఇండెక్స్‌లో ఉంటుంది. కార్డినాలిటీ (వేర్వేరు విలువలు ఎన్నో చెప్పేది) అంకె అంచనా మాత్రమే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎస్‌పీ_హెల్ప్‌ఇండెక్స్ తేలిక, కానీ అది ఇన్‌క్లూడ్ కాలమ్‌లను (వెతకడానికి కాక ఇండెక్సులో అదనంగా ఉంచినవి) చూపించదు. వాటికి సిస్.ఇండెక్సెస్‌ను సిస్.ఇండెక్స్_కాలమ్స్‌తో జాయిన్ చేయాలి. ఒరాకిల్‌లో యూజర్_ఇండెక్సెస్, యూజర్_ఇండ్_కాలమ్స్ ఉన్నాయి. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఇండెక్సుల ప్రస్తావనే లేదు, అందుకే ఒక్కో డేటాబేస్‌దీ ఒక్కో దారి.

తర్వాతి పని స్థితులు అనే టేబుల్. బోర్డు మీద ఒకే స్థితి ఎన్ని ఆటల్లో వచ్చిందో అందులో వెతకాలి. దానికి హాష్ (స్థితి నుంచి లెక్కగట్టిన చిన్న సంకేతం) కాలమ్ ఒకటి చేర్చి, దాని మీద బీ-ట్రీ పెట్టి చూస్తాను.