జెండా పాటకు ఐదు మార్కులు

బీఈడీలో ప్రాజెక్టు పద్ధతి సోపానాలను నేను బట్టీ పట్టాను. పరిస్థితి కల్పన, ఎంపిక, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం, నమోదు. ఆ పద్ధతి గురించి 1918లో అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ రాసిన వ్యాసం మీద పరీక్షలో రెండు పేజీలు నింపి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ చదువు మొత్తంలో ఒక్క ప్రాజెక్టు కూడా చేయలేదని అప్పుడు నాకు తట్టలేదు. పాఠం చెప్పినవారికీ తట్టినట్టు లేదు.

ఇప్పుడు వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే దారిలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, అంటే బడిలోనే మేం మార్కులు వేసే నిర్మాణాత్మక మూల్యాంకనాలు, ఒక్కోదానికి 20 మార్కులు, అందులో ప్రాజెక్టు పనికి 5. ఆ ఐదూ ఎలా వేసేదాన్నో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. చార్టు శుభ్రంగా ఉంటే ఐదు, స్కెచ్ పెన్ను రంగు అంటుకుపోయి ఉంటే నాలుగు. చార్టే తేకపోతే, రేపు తెస్తానన్నందుకు మూడు.

ఒక సెప్టెంబరులో నాకు బుద్ధి వచ్చింది. తొమ్మిదో తేదీ కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం కదా, ఆయన గురించి ప్రాజెక్టు రాసుకు రమ్మన్నాను. నలభై ఒక్క మంది తెచ్చారు. నలభై ఒక్కటీ ఒకే కాగితానికి పిల్లలు. బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణంలో పది రూపాయలకు దొరుకుతుందట. అందులో ఒక అక్షరదోషం ఉంది, అదీ నలభై ఒక్క చోట్లా క్షేమంగా ఉంది. బడి పుస్తకాల భాష కన్నా జనం పలుకుబడే అసలు భాష అని జీవితమంతా వాదించిన మనిషి గురించి, ఒక్క పిల్లవాడి పలుకుబడి కూడా లేని కాగితాలు! అయినా అందరికీ ఐదేసి వేశాను. రిజిస్టరు మరునాడే ఇవ్వాలి మరి.

ఈ మార్కులు ఉత్తవే కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. కరోనా వల్ల 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు ఎఫ్‌ఏ1 మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చారు. రాష్ట్రంలో రెండు లక్షల మందికి పైగా పిల్లలకు 10 జీపీఏ వచ్చింది. పత్రికల్లో ఆ వార్త చూసి చాలామంది నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ పదుల్లో నా ఐదులూ ఉన్నాయి. 2024 నవంబరులో పదో తరగతికి ఈ ఇంటర్నల్ మార్కులు తీసేస్తామని ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేశారు. ఆ రెండు రోజులూ స్టాఫ్ రూములో పీడ విరగడైందన్నవారే ఎక్కువ. నేనూ తల ఊపాను. ఇంటికి వెళ్లాక మాత్రం, పాడైంది మార్కులా, నేను అడిగే ప్రశ్నలా అని ఆలోచనలో పడ్డాను.

మిగతా కథ ఎనిమిదో తరగతిది. జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే మా బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. మిరప ఏరే కాలం. హాజరు పట్టీలో ఎర్ర సిరా గీతలు, చేలలో ఎర్ర కాయలు. పిల్లలు ఎందుకు రాలేదని గొంతు చించుకోవడం మానేసి ఈసారి ఎఫ్‌ఏ4కు ఒకటే పని చెప్పాను. చేనులోనో మార్కెట్లోనో ఇంట్లోనో పెద్దవాళ్లు పనిచేస్తూ వాడే మాటలు పది పట్టుకు రావాలి. మన పాఠ్యపుస్తకంలో లేనివి కావాలి. ఆ మాట ఎవరన్నారు, ఎక్కడ, ఏం చేస్తూ అన్నారు, వాళ్లన్న వాక్యం ఏమిటి, అన్నీ రాయాలి. చార్టు వద్దు, రంగులు వద్దు, నోటుబుక్కు చాలు.

మార్కులు దేనికి వేయాలో కూడా పిల్లలనే తేల్చమన్నాను. అందమైన దస్తూరికి ఒకటి అని ముందు వరుస నుంచి వినిపించింది. వెనక బెంచీ ఒప్పుకోలేదు. చివరికి విన్నది విన్నట్టు రాస్తే రెండు, చెప్పిన మనిషి వివరం ఉంటే ఒకటి, ఆ మాటతో సొంతంగా నాలుగు వాక్యాలు రాస్తే ఒకటి, అడిగితే నోటితో చెప్పగలిగితే ఒకటి అని బోర్డు మీద పడింది. నేనైతే ఇంత కచ్చితంగా ఉండేదాన్ని కాదు.

నోటితో చెప్పించడం దగ్గరే గుట్టంతా బయటపడింది. ఒక అబ్బాయి అరవై మాటలు తెచ్చాడు, అర్థాలతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో. పాత పద్ధతైతే కళ్లు మూసుకుని ఐదు. అందులో పొలానికి కేదారం అని ఉంది. "కేదారం అని ఎవరన్నారు నాన్నా?" అని అడిగాను. చాలాసేపు తల దించుకుని, "నిఘంటువు" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ముచ్చటేసింది. మళ్లీ రాసుకు రమ్మని వారం గడువిచ్చాను. ఈసారి వాళ్ల తాత దగ్గర నుంచి ఏడే మాటలు తెచ్చాడు, ఏడూ గట్టివి.

మూడు రోజులు బడికి రాని అమ్మాయి ఒకతి ఉంది. వాళ్ల నాన్నతో ట్రాలీ ఎక్కి వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి అమ్మడానికి వెళ్లి, రాత్రి యార్డులో బస్తాల మీదే పడుకుందట. నోటుబుక్కులో కాంటా, హమాలి, మిర్చి రకాలైన తేజ, చపాటా, ఆ తర్వాత తాలు. తాలు అంటే వడ్లలో గింజ పట్టని పొల్లు అనే నాకు తెలుసు. మిర్చిలో రంగు పోయి తెల్లబడిన కాయనూ తాలే అంటారని ఆ పిల్ల చెప్పింది. "తాలు ఏరకపోతే బస్తా మొత్తం తాలు ధరకే అడుగుతారు టీచర్."

ఆమె పట్టికలో చివరి మాట జెండా పాట. పొద్దున్నే జెండా పెట్టి మంచి సరుకు ఉన్న రాశికి వేలం పాడతారు, అక్కడ పలికిందే ఆ రోజు పై ధర. దాని మీద ఆమె రాసిన వాక్యం: "జెండా పాట ధర ఒక్కరికి వస్తుంది, పేపర్లో అందరికీ వచ్చినట్టు పడుతుంది."

వ్యాకరణం చెప్పే అలవాటు ఊరుకోదు కదా, పాడు అనే క్రియకు ఇక్కడ అర్థమేమిటని అడిగాను. ధర పెంచి చెప్పడం అంది. మరి మీ నాన్న ఎంతకు పాడాడన్నాను. నన్ను జాలిగా చూసింది.

"పాడేది కొనేవాళ్లు టీచర్. మా బాపు వింటడు."

ఆ ఒక్క మాట మీద మిగిలిన పీరియడంతా గడిచింది. వేలంలో పాడుకోవడం, చెరువు పాడుకోవడం, చిట్టీ పాడటం, కొబ్బరికాయల పాట... పిల్లలు చెబుతూంటే బోర్డు చాలలేదు. కర్త ఎవరు, కర్మ ఏది అని నేను ఏళ్ల తరబడి రాముడు, రావణుడు, బాణంతో చెబుతున్న పాఠం ఆ పూట మిర్చి బస్తాతో అర్థమైంది.

దీనికి ఖర్చు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మనిషికి ఐదు నిమిషాల లెక్కన నలభై ఒక్క మందికి 205 నిమిషాలు, అంటే దాదాపు ఐదు పీరియడ్లు. రెండు నావి, రెండు ఆటల పీరియడ్లు, ఒకటి మధ్యాహ్న భోజనం తర్వాత దొంగిలించినది. వ్యాయామ ఉపాధ్యాయుడు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆయన కోపం న్యాయమే. పదో తరగతికి ఇది చేసే ధైర్యం నాకింకా రాలేదు. వాళ్లకు ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులే సరిపోతున్నాయి.

రిజిస్టరులో ఈసారి ఐదులు పన్నెండే వచ్చాయి. రెండులు కూడా ఉన్నాయి. మార్కులు తగ్గాయేమిటని పైనుంచి అడుగుతారేమోనని నోటుబుక్కులన్నీ బీరువాలో కట్టగట్టి పెట్టాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి మాత్రం అడిగింది, తన నోటుబుక్కు తిరిగి కావాలని. వాళ్ల బాపుకు చదివి వినిపించాలట.