పుండు అడుగున ఎర్రటి గింజలు

గుంటూరు కొత్తపేటలో ఒక క్లినిక్‌లో షుగర్ పుండ్లకు డ్రెస్సింగ్ చేస్తుంటాను. గాజుగుడ్డ తీయగానే ముందు చూసేది రంగు. పసుపుగా, జిగటగా ఉంటే టెన్షన్. ఎర్రగా, బొంబాయి రవ్వంత గింజలు లేచి, తాకితే రక్తం చెమర్చిందంటే ప్రాణం లేచొస్తుంది. ఆ ఎరుపంతా కొత్తగా మొలిచిన సన్నటి రక్తనాళాలదే. మిర్చి యార్డులో బస్తాలు మోసే పెద్దాయన ఒకరు అది చూసి కంగారుపడితే, "భయం లేదు బాబాయ్, పుండు మానే దారిలో పడింది" అన్నాను.

ఎంతకీ అలా ఎర్రబడని పుండ్ల కోసమే ల్యాబ్‌లో పెంచిన చర్మం వచ్చింది. అమెరికాలో అప్లిగ్రాఫ్ అనే అలాంటి చర్మాన్ని 1998లో కాలి సిరల పుండ్లకు, 2000లో షుగర్ పాదాల పుండ్లకు అనుమతించారు. పసిబిడ్డలకు సున్తీ చేసినప్పుడు వచ్చిన చర్మంలోని కణాలను ఆవు కొల్లాజెన్‌తో కలిపి రెండు పొరలుగా పెంచుతారు. అది అతుక్కుని మన చర్మమైపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు, కొన్ని వారాల్లోనే ఆ కణాలు పోతాయి. ఉన్నన్నాళ్లూ వీఈజీఎఫ్ లాంటి ప్రోటీన్లు వదులుతాయి. వాటి ప్రభావంతో పక్కనున్న మన నాళాలే కొత్త కొమ్మలు వేస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అయితే కాలికి రక్తం తెచ్చే పెద్ద ధమనే మూసుకుపోతే ఈ చర్మం ఏమీ చేయలేదు. అందుకే ముందు పాదం మీద నాడి పట్టి చూస్తాను. అందకపోతే డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీయించమని డాక్టరుగారితో చెబుతాను.